చింతపండుతో తోమిన కెమెరా

"ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే ఈ పూటే నా నోరు పడిపోవాలి," అని మొదలెట్టింది రత్నమాణిక్యమ్మ, అరుగు మీద కాళ్లు చాపుకుని. ఆ లెక్కన ఆవిడ నోరు ఈపాటికి ఎన్నిసార్లు పడిపోవాలో!

మెట్ల కింద నిలబడ్డ చిట్టియ్యకి వినే ఓపిక లేదు. రొయ్యల చెరువు దగ్గర కాపలా అతనిది. కొత్తగా పెట్టిన కెమెరా మాటిమాటికీ చీకటైపోతోందని, నిద్రపోవడానికి ఇతనే వైరు పీకేస్తున్నాడని, పొద్దున్నే చిట్టియ్య ఇంటికొచ్చి, అతని భార్య సత్యకుమారి ఎదుటే "ఇవాళ్టినుంచి రావద్దు" అనేశారు చెరువు యజమాని శ్రీనివాసరాజు. మనసు మార్చుకుంటారేమోనని వచ్చాడు చిట్టియ్య. రాజుగారేమో పెద్దమ్మ రత్నమాణిక్యమ్మ పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు. కెమెరా విప్పి చూసొచ్చిన మెకానిక్ సుధాకర్ చెయ్యి తుడుచుకుంటున్నాడు.

"నాకు కెమెరాలు తెలియవనుకున్నావేంటి శీనూ! షెడ్డు గోడకి, చేతికందే ఎత్తులో, వైర్లు కలిసేచోట ఇత్తడి ముక్క ఉందా, దానికి చిలుము పట్టింది. ఎంత చిలుమనుకున్నావ్? ఆవొచ్చి పచ్చగడ్డి అనుకుని మేయబోయింది. చూస్తూ ఊరుకుంటానా? చింతపండు పెట్టి తోమాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాకులు వరసకట్టి అందులో మొహాలు చూసుకున్నాయి!"

"ఊఁ," అన్నారు రాజుగారు నవ్వాపుకుంటూ.

చిట్టియ్య తల దించుకున్నాడు. ఆవిడ తోమడం అతను చూశాడు. కెమెరా ఎప్పుడు చీకటయ్యేదీ గమనించాడు. చెప్పడానికే నోరు రాలేదు.

"ఇక టీవీలో బొమ్మ చూడాలీ! రొయ్య మీసాలు కనిపించాయి, అది దువ్వుకోవడం కూడా. ఇంకాస్త తోమితే యానాం కనిపించింది, సీసా పంచెలో దోపుకుంటూ మీ మావయ్య! ఇంకాస్త తోమానా, పట్టిసీమ వీరభద్రుడికి హారతిస్తున్నారు. టీవీ ముందే కళ్లకద్దుకున్నాను. చెయ్యి చుర్రుమంది, ఇదిగో బొబ్బ!"

"అది పొద్దున అట్లపెనం తగిలింది కదండీ పెద్దమ్మా!" అన్నారు రాజుగారు.

సుధాకర్ మాత్రం నవ్వలేదు. "మామ్మగారండీ, ఉత్త చింతపండేనా? ఉప్పేమైనా..."

"ఉప్పెయ్యకుండా ఇత్తడి ఎవరు తోముతారయ్యా, మీ ఇంట్లో అంతేనా? శుక్రవారం శుక్రవారం దీపపు కుందులతోపాటు దానికీ గుప్పెడు!"

సుధాకర్ జేబులోంచి పచ్చగా పొడి రాలుతున్న ముక్క తీశాడు. "అదండీ సంగతి. ఉప్పుతడి లోపలికి దిగి పిన్ను తినేసింది. చెరువుగాలికి ఏ ఏడాదికో పోయేది, మామ్మగారి చేతికి వారానికే పోతోంది. వైరు ఎవరూ పీకలేదండి."

రత్నమాణిక్యమ్మ మెట్ల వైపు తిరిగింది.

"నువ్వు చూశావు కదరా చిట్టియ్యా, చెప్పలేదేం?"

"మీ మీద ఎలా చెప్తానండీ."

అన్ని కోతలు కోసిన రత్నమాణిక్యమ్మ చాపిన కాళ్లు ముడుచుకుంది. రాజుగారు ఖాళీ గ్లాసులోకి చూస్తూ, "సర్లే చిట్టియ్యా, నువ్వు..." అని ఆగిపోయారు.

"ఇక్కడ కాదు శీనూ," అంది రత్నమాణిక్యమ్మ. "లే. వాళ్లింటికెళ్లి సత్యకుమారితో చెప్పు, మీ ఆయన ఈ రాత్రి డ్యూటీకి వెళ్తున్నాడు, క్యారేజీ కట్టమ్మా అని. ఫోన్లో కాదు. నడిచెళ్లు."