చోడి చేలో పధ్నాలుగో పాట

అమ్మలారా, అయ్యలారా,

నరసింహమూర్తి మాస్టారు పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. కాశీబుగ్గలో ఈ హాలు నిండిపోయి, మెట్ల మీద కూడా మనుషులు నిలబడ్డారు. వచ్చిన అందరికీ దండం. ఆయన బతికుండగా ఇందులో పదోవంతు జనం ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే, నేనీ మైకు దగ్గరికి వచ్చేదాన్ని కాను.

నా పేరు వెంకటలక్ష్మి. మందస దగ్గర పల్లె మాది. అయిదో తరగతితో ఆగిపోయాను. నాకు అన్నిటికీ భయమే. మాట తడబడుతుందని భయం, కరెంటు పోతే కాగితం కనబడదని భయం, ఇంటి దగ్గర గ్యాసు కట్టానో లేదో అని భయం. అందుకే పెద్దపెద్ద అక్షరాలతో రాసుకొచ్చాను. తప్పులుంటే క్షమించండి. మాటలు ఘాటుగా ఉంటే మాత్రం క్షమించమని అడగను.

గంటన్నర నుంచి వింటున్నాను. ఏడుగురు మాట్లాడారు. మహానుభావుడన్నారు. సంగీత సేవకుడన్నారు. వెనకాల ఇంత పెద్ద బ్యానరు కట్టారు, దాని మీద ఆయన ఫొటో కంటే మన సంగీత సంఘం అధ్యక్షుల వారి ఫొటో పెద్దది. ఆయన ఏం వెతికాడో ఒక్కరైనా చెప్పారా? ఒక్క పాట పేరైనా ఒక్కరి నోట వచ్చిందా? నాకు రోత పుట్టింది. పెద్ద మాటే, తెలుసు. వేరే మాట దొరకలేదు.

తెలియనివాళ్ల కోసం నేను చెబుతాను. మన మందస పరశురామ పంతులు గారి కీర్తనలు కచేరీల్లో పాడతారు, అవి అందరికీ తెలిసినవే. ఆయనే పధ్నాలుగు గోష్ఠి పాటలు కూడా కట్టారు. వాటిని ఒక్కరు పాడలేరు. నలభై మంది కావాలి. సగం మంది కింది వరస పట్టుకుని నిలబడితే, సగం మంది దాని మీద పై వరస ఎత్తుకోవాలి. ఒక వరస లేకపోతే రెండోది పాటలా ఉండదు, ఎవరో మూలుగుతున్నట్టు ఉంటుంది. కచేరీ వాళ్లు నలభై మందిని ఎక్కడ తెస్తారు? వదిలేశారు. పంతులు గారు పోయాక ఆ పాటలు ఎవరెవరి అటకల మీదో క్యాసెట్లలో పడి ఉన్నాయి.

మాస్టారు బడి నుంచి రిటైరైన మర్నాటి నుంచి వాటి కోసం తిరిగారు. పలాస, టెక్కలి, సోంపేట, మూలపేట. పదహారేళ్లు. మూలపేటలో ఎవరో ఇల్లు ఖాళీ చేసి సామాన్లు ఆటోకెక్కిస్తుంటే, చెత్తలో వేసిన డబ్బాలోంచి రెండు పాటలు తీశారు. జనం ఏమనేవారు? "ఏటి మాస్టారూ, పాత టేపులు ఏరుకుంటన్నారు, మతి గానీ పోనాదేటి?" అనేవారు. అన్నవాళ్లు ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. దండలు కూడా తెచ్చారు.

అధ్యక్షులు ఢిల్లేశ్వరరావు గారూ, మీరు ఇందాక కళ్లు తుడుచుకున్నారు. మీ ఇంట్లో అయిదో పాట ఉండేది. మీ నాన్నగారు పంతులు గారినీ పాటగాళ్లనీ కూర్చోబెట్టి ఎక్కించిన టేపు. మాస్టారు వెళ్లేసరికి దాని మీద మీ గృహప్రవేశం ఎక్కించేశారు. సరే, తెలియక చేశారు. ఆయన ఏం చేశారో మీకు గుర్తుందా? మీ వరండాలో కూర్చుని ఆ గృహప్రవేశం మొదటి నుంచి చివరి దాకా విన్నారు. మంత్రాలు, గిన్నెల చప్పుడు, పప్పులో ఉప్పు లేదని ఎవరో అరవడం, అన్నీ విన్నారు. సందుల్లో ఎక్కడైనా పాట ముక్క మిగిలిందేమోనని. మీరు లోపల టీవీ చూస్తూ, "ఇంకా ఎల్లలేదేటి ఈ పెద్దమనిషి" అన్నారు. ఆయనకి వినబడింది. ఆయనే నాతో చెప్పారు, నవ్వుతూ చెప్పారు. ఆ పాట తరవాత టెక్కలిలో ఒకరింట్లో దొరికింది, ఆయన అదృష్టం. మీరు మాత్రం ఇవాళ పెద్ద కుర్చీలో కూర్చున్నారు.

మీరందరూ ఇప్పుడు అధ్యక్షుల వారి వైపు చూస్తున్నారు. చూడండి. కానీ కాస్త రోత నా కోసం కూడా అట్టే పెట్టండి.

పధ్నాలుగో పాట మా ఇంట్లో ఉండేది. మందసలో గోష్ఠి జరిగిన రోజు మా ఆయన టేపు రికార్డరు పట్టుకెళ్లి ఎక్కించాడు. ఇంకెవరి దగ్గరా లేదు. మా ఆయన పోయాడు, టేపు రికార్డరు పాడైంది. తిత్లీ తుఫానుకి జీడితోట నేలమట్టమైతే, మరుసటి ఏడు ఆ నేల చెక్కలో, రాగులంటారే, ఆ చోళ్లు వేశాం. వెన్ను తీసే వేళకి పిచికలు. గింజ మిగలదని నాకు భయం. క్యాసెట్టు టేపు లాగి కర్రకీ కర్రకీ కడితే గాలికి జుయ్యిమంటుంది, ఎండకి తళతళలాడుతుంది, పిట్ట వాలదు. ఉద్దానంలో ఎవరు కట్టలేదు చెప్పండి? నేనూ కట్టాను. ఏ క్యాసెట్టో కూడా చూసుకోలేదు.

నెల తరవాత మాస్టారు వచ్చారు. భయపడుతూనే విషయం చెప్పేశాను. ఆయన చేను వైపు చూశారు. "తిట్టడానికి రాలేదమ్మా, ఒక బకెట్టుంటే ఇయ్యి" అన్నారు. కర్ర కర్రకీ వెళ్లి ముళ్లు విప్పి, ఆ టేపంతా బకెట్లోకి చుట్టుకున్నారు. మా కోడలు గట్టు మీద నిలబడి, "అత్తా, ఈ మాస్టారు మన పిచికల్ని మేపడానికొచ్చినాడా?" అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

ఎండకి టేపు పొడి రాలిపోయింది. క్యాసెట్టు పెంకులో చుట్టుకుని మిగిలిన నాలుగు మూరలు మాత్రం పలికింది. దాన్లో ఏముందో తెలుసా? పాట మొదలుపెట్టే ముందు నలభై మంది ఒక్కసారిగా ఊపిరి తీసుకున్న చప్పుడు. దాని వెనక పాటలో మొదటి మాట ఒక్కటి. అంతే. "పాట పోయిందమ్మా, ఊపిరి మిగిలింది" అన్నారు.

"ఆ రోజు పాడినవాళ్లలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను.

అయ్యలారా, ఆ నలభై మందిలో నేనున్నాను. కింది వరస. పాట మొత్తం నాకు వచ్చు. అయినా తెలియదన్నాను. ఎందుకు? ముసలిదాని గొంతు ఫోన్లలో పెడితే ఊరంతా నవ్వుతుందని. ఒక చోట తప్పితే పంతులు గారి పాట చెడగొట్టిందంటారని. ఇంతకంటే కారణం లేదు. తరవాత ఆయనకి ఎలాగో తెలిసిపోయింది. కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్, మిగిలిన రోజుల్లో మూడుసార్లు మా ఇంటికి వచ్చారు. ఒకసారి జలుబన్నాను. ఒకసారి కార్తీకం వెళ్లాక అన్నాను. మూడోసారి లోపలుండి, లేనని చెప్పించాను. ఆయన అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. చేతికి కట్టు ఉంది. కిటికీలోంచి చూశాను.

ఇప్పుడు చెప్పండి, ఢిల్లేశ్వరరావు గారు ఎక్కువా, నేను ఎక్కువా?

ఉమామహేశ్వరి వదినా, మూడో వరస కుర్చీల్లో ఉన్నావు, తల దించుకోకు. ఆ రోజు నా పక్కన నిలబడి పై వరస పాడింది నువ్వే. నిన్నూ అడిగారు. నువ్వూ నాలాగే తప్పించుకున్నావు. నలభై మందిలో మిగిలింది మనిద్దరం. నీకు డెబ్భై ఆరు, నాకు డెబ్భై మూడు. నేనొక్కదాన్నే పాడితే అది మూలుగే.

మాస్టారి కూతురు శ్రావ్య ఇక్కడే ఉంది. పదమూడు పాటలూ ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి. అమ్మా శ్రావ్యా, నీ రికార్డరు తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. ఇప్పుడే నొక్కేయి.

ఇక అందరూ లేవండి. అధ్యక్షుల వారూ, మీరు కూడా. టిఫిన్ పొట్లాలు కింద పెట్టండి, ఫోన్లు కట్టేయండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు. ఆయన అడిగినప్పుడల్లా మనం ఊరుకున్నాం. ఆయన కోసం ఊరుకోవడం ఇదే ఆఖరు కావాలి.

రెండు నిమిషాలు అయ్యాక కూర్చోకండి. అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకోండి, ఆ నాలుగు మూరల టేపులో ఉన్నట్టు. నేను కింది వరస అందుకుంటాను. వదినా, పై వరస నీది.

తప్పు పోతే పోనీ. లేవండి.