గొర్ల మీద పార్టీ రంగు

"తాతా, అందరి గొర్ల మీద రంగున్నది, మనయే ఉత్తగున్నయేంది?"

గదా? కూసో శిరీషా, చెప్త. ఆ ఫోను జర పక్కకు పెట్టు.

మేం అన్నదమ్ములం వేరువడ్డంక, మన గొర్లకు మెడ మీద గీత, మీ చిన్నతాత ఎల్లయ్య గొర్లకు తోక కాడ చుక్క. గంతే. రంగు ఏదని ఎవలు జూసిన్రు? ఏది అగ్గువకు దొరికితే అది. ముప్పై రూపాయల డబ్బ రెండేండ్లొచ్చేది.

తెలంగాణ వచ్చినంక నేను ఊళ్లె పార్టీ అధ్యక్షున్నయిన. ఎల్లయ్య అవతలి పార్టీ. ఏ పార్టీ అని అడగకు, గప్పటోళ్లు గా పక్కకు గీ పక్కకు మారిన్రు, నీకు లెక్క తప్పుతది.

ఒకనాడు హాలియా నుంచి పెద్ద లీడరొచ్చి, కారు దిగుతనే మన మందను జూసిండు. గా యేడు మెడ గీత అవతలోళ్ల రంగే ఉండె. "ఏందయ్య, నీ గొర్లు వాళ్లకు ప్రచారం జేస్తున్నయా?" అన్నడు. అందరు నవ్విన్రు. నాకు తల కొట్టేసినట్టయింది. తెల్లారే డబ్బాలు తెచ్చి, ఒక్కొక్క గొర్రెకు మెడ నుంచి తోక దాంక మా పార్టీ రంగు పూసిన. నన్ను జూసి మా పార్టోళ్లు పదిండ్లు... కాదు, పదకొండు, అందరు పూసిన్రు. అవతలోళ్లు ఊకుంటరా? ఆళ్లు ఆళ్ల రంగు పూసిన్రు. పేపర్ల ఫోటో గూడ వడ్డది. మీ అవ్వొక్కతే, "మనుషులకు పూసింది సాలలేదా" అన్నది. మీ అవ్వ నోరు నీకు తెల్సుగద.

గప్పుడే ఎల్లయ్య బిడ్డ పెండ్లి. పోలే నేను. పోతే మా పార్టోళ్లు ఏమంటరోనని. పెదనాయినను, తలంబ్రాల కాడ ఉండాల్సినోన్ని, మీటింగుల కూసున్న. మీటింగుకు పదిమంది గూడ రాలే.

గా ఎండకాలమే రాళ్లవాన వడ్డది. మా పదకొండిండ్ల మందలు కాల్వగట్టు మీద బెదిరి కలిసిపోయినయి. ఊళ్లెకు తోలుకొచ్చి జూస్తే అన్ని ఒకటే రంగు. నేనేమో మీటింగులు తిరుగుడు, గొర్లకాడ కొత్త జీతగాడు, మొఖాలు మర్సిన. నాదంటే నాదని లొల్లి. "ఒకటే పార్టోళ్లం, గొర్రె ఎవలిదైతేంది" అన్నడొకడు. ఆనికున్నయి ఏడు గొర్లు. నాయి తొంభై. అయి పోతే మనింట్ల పొయ్యి వెలగదు. కర్రలు లేసినయి.

ఊరంతట్ల ఏ గొర్రె ఎవలిదో మొఖం జూసి చెప్పేది ఎల్లయ్య ఒక్కడే. పోక తప్పలే. పోయి వాకిట్ల నిలవడ్డ. ఆడు భుజం మీది పార్టీ కండువ తీసి గోడ మొలకు తగిలిచ్చి, కర్ర వట్టిండు. మా మరదలు, "బావా, నీది గూడ గాడనే పెట్టు" అన్నది. పెట్టిన.

ఏం జేసిండనుకున్నవు? దొడ్లల్ల ఉన్న పిల్లలను ఒక్కో ఇంటియి ఒక్కోపాలి ఇడ్వమన్నడు. అయి అర్సుకుంట ఉరికి తల్లుల కింద దూరినయి. ఏ ఇంటి పిల్ల తాగితే ఆ ఇంటి గొర్రె. మిగిలినయి మొఖం జూసి ఏరిండు, పొద్దుగూకె దాంక. ఆనికి అవతలి పార్టోళ్లమే అందరం.

అయినంక చేతులు కడుక్కుంట, "అన్నా, పెండ్లిల నా బిడ్డ నీ కోసం మూడుసార్లు అడిగింది" అన్నడు. గంతే. నాకు ఏడుపాగలే బిడ్డా. అధ్యక్షున్ని, ఊరంత జూస్తుండంగ ఏడ్సిన.

అప్పట్సంది రంగెయ్య. పొద్దుగాల ఒక్కొక్క దాని మొఖం జూస్త.

నువ్వు లీడర్ ఆఫీసుల, గా ఫోన్ల రాసే కొల్వు జేస్తున్నవు. మంచిదే, జెయ్యి. మొన్న అవతలి పార్టోళ్లను గొర్రెలని రాసినవట గద, చిన్నతాత మనుమడు సూపెట్టిండు. నాకు కోపం రాలే. గని గా తిట్టు జర మార్సుకో బిడ్డా. గొర్రెలు గట్ల జెయ్యలే. మేం జేసినం.

సల్లగ బతుకు. రేపు చిన్నతాతింటికి పోయి రా, నువ్వంటే పానం ఆనికి. కండువ ఏస్కొనే పో, ఏం గాదు... గా మొల ఇంక గాడనే ఉన్నది.