ఆనందపురం గుడ్లు

ఆగాగు గౌరీ, ఆ సేత్తో గుడ్లు ముట్టుకోకు. ఇప్పుడే కదా తలకి నూనె రాసుకున్నావు, ఎల్లి సబ్బెట్టి కడుక్కొచ్చి అప్పుడు తిప్పు. ఏటి, తుడుసుకున్నావా? తుడుసుకుంటే సాలదమ్మా. నవ్వుకో, తాతకి సాదస్తం అనుకో, నాకేటి. అయినా ఈ మధురవాడలో ఏడో అంతస్తు మీద, కోడి లేకుండా కోడిపిల్లల్ని సేసీసే మొనగత్తెవి నువ్వొక్కదానివే గావాల. కరెంటు పెట్టి అంట, దాన్లో దీపమంట, ఏడి ఎంతుందో ఎర్రంకెలంట. కరెంటు పోతే ఏటి సేస్తావు? ఇన్వర్టరా, బాగుంది. మీ మామ్మ ఉంటే ఈ పెట్టి పక్కనే పీటేసుకు కూకుని, రోజుకోపాలి దీనికి నూకలు కూడా ఎట్టీది. నీకు పోటోలో తప్ప తెల్దు కదా, నువ్వు పుట్టకముందే ఎల్లిపోనాది. ఎల్లు, ముందు సేతులు కడుక్కో. సరే, ఈ పూట తిప్పడానికి ఇంకా టైమున్నాదంటే కూకో, సెప్తాను. నూనె మాట ఎందుకన్నానో సెప్తాను.

ఎప్పుడి మాటంటే, డెబ్బై ఎనిమిదో తొమ్మిదో. నాను పోర్టు వర్క్‌షాపులో ఖలాసీని. వన్ టౌన్‌లో ఒకే పెరట్లో మూడు వాటాలు, మాదొకటి. మీ మామ్మ తాయారు కన్నోరిది ఆనందపురం అవతల పల్లె. మా అత్త సూర్యకాంతమ్మ కోళ్ళంటే ఆ సుట్టుపక్కల పేరు. బూడిద రంగు ఒళ్ళు, మెడ కాడ పసుప్పచ్చ, నడిస్తే పెళ్ళిపెద్ద నడిసినట్టుండీది. ఆ జాతి మా అత్తకి ఆలమ్మ ఇచ్చినాదంట, ఆవిడికి ఆలమ్మ. ఆడపిల్లని కాపరానికంపినప్పుడు ఒక పెట్టని సంకలో ఎట్టి అంపీవోలు. తాయారుకీ అలగే ఇచ్చినారు, వన్ టౌన్ కుక్కలు బతకనిచ్చాయేటి, నెల తిరక్కుండానే ఎత్తుకుపోనాయి. మా అత్త "మళ్ళీ తెస్తాన్లేవే, నీ ఇల్లు సూసినట్టూ ఉంటాది" అనీది. ఎప్పుడూ రాలేదు. ఆవులో, కోతలో, ఎండో, వానో, ఏదో ఒకటి అడ్డం. తాయారు ఎదురుసూసీది. గడప కడిగి ముగ్గేసినప్పుడల్లా ఈ వారం మా అమ్మొస్తాది అనీది. అలగ అంటండగానే ఆవిడ పోయినట్టు కబురొచ్చింది.

దినాలు అయిపోయినాయి. మనలో పెద్దదినం ఎల్లిన మర్నాడు నీసు ముట్టుకోవాల కదా, సుట్టాలందరికీ కోడికూరతో బోజనం ఎట్టాల. మా బావమరిది ఎల్లారావు, సంతకెల్లి కొనడం ఎందుకు, ఇంట్లోనే ఉన్నాయి కదా అనీసి, తల్లి పెంచిన ఏడు పెట్టల్నీ పుంజునీ కోయించీసినాడు. ఆడి తప్పని నాననను, డెబ్బై మందికి ఎట్టాల, ఆడి తిప్పలు ఆడివి. తాయారు నూతికాడ బట్టలుతుక్కుని వచ్చి సూసేసరికి పెరడంతా ఈకలు. ఇస్తరి ముందు కూకుని మెతుకు ముట్టలేదు. సుట్టాలందరూ తల్లి మీద బెంగనుకున్నారు. తల్లి మీద బెంగే మరి, కాదంటానా. నానైతే రెండుసార్లు ఏయించుకున్నాను, ఎందుకు దాసడం, కూర బాగుంది.

అయితే ఒకటున్నాది. మైలన్నాళ్ళూ ఆ ఇంట్లో గుడ్డు వండలేదు కదా. అన్ని రోజులూ కోళ్ళు గుడ్లెడతానే ఉన్నాయి, మా అత్త అలవాటున ఎవులో తీసి అటక మీద తవుడు కుండలో దాస్తానే ఉన్నారు. అది మీ మామ్మకొక్కదానికే తట్టింది. నిచ్చెనేసుకుని ఎక్కి కుండ దింపి, పద్దెనిమిది గుడ్లుంటే ఒక్కొక్కటీ సెవి కాడ ఎట్టుకుని ఆడించి సూసి, పాతబడ్డవీ, మూతి మరీ కోసుగా ఉన్నవీ పక్కనెట్టీసి, పదకొండు ఏరింది. బేసి లెక్కే ఉండాలంట. ఎల్లారావు "తాయారూ, బూమి అడగవు, గొలుసు అడగవు, గుడ్లేటే" అన్నాడు. అది తవుడు పోసిన సత్తు గిన్నెలో గుడ్లు సర్ది, గిన్నె పొట్టకానించుకుని బస్సెక్కింది. సీటు దొరికినా సగం దారి నిలబడే వచ్చింది, బస్సు ఎగిరినప్పుడు నిలబడితే కుదుపు తక్కువంట. నాను గిన్నె పట్టుకుంటానంటే ఇవ్వలేదు. అప్పుడే నా సెయ్యి సంగతి దానికి తెలిసినట్టున్నాది.

గుడ్లున్నాయి, పొదిగే కోడేదీ. మా పక్క వాటాలో షరీఫున్నీసా అని, టైలరు గారి ఇల్లాలు, మంచి మనిసి. ఆవిడ నల్లకోడి పొదుగుకొచ్చి వారమైంది. ఒళ్ళంతా పొంగించుకుని, కొర్రు కొర్రుమంటా, సెయ్యెడితే పొడిసీసీది. పొదుగు పాలు అని ఉండీది అప్పట్లో. కోడొకలిది, గుడ్లొకలివి, పిల్లలు సెరిసగం. ఆవిడ సరేనన్నాది. తాయారు గంపలో ఇసకా బూడిదా పోసి, పైన గడ్డి పరిసి, రెండు రోజులు బంగాళాదుంపలెట్టి సూసింది, కోడి నిలకడగా కూకుంటాదో లేదోనని. కూకున్నాక అప్పుడెట్టింది పదకొండూ. కుళాయి కాడ అప్పాయమ్మని ఒక ముసలమ్మ ఉండీది, ఆవిడి నోటికి బయపడి మునిసిపాలిటీ నీళ్ళు కూడా టైముకొచ్చీవి. ఆవిడ సూసి, "సావింటి గుడ్లు పొదగెయ్యకూడదే అమ్మా" అన్నాది. తాయారు ఇనిపించుకోలేదు. గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసీది. కోడి మేతకి దిగినప్పుడల్లా తను పక్కనే కాపలా, కోడికంటే ముందు ఇదే లేసి గంప కాడికి పరిగెట్టీది.

ఏడో గీత రోజున మిట్టమజ్జానం తలుపులేసి, కిటికీకి గోనె కట్టి, నన్ను టార్చి పట్టుకోమన్నాది. పిడికిట్లో గుడ్డెట్టి కింద నుంచి లైటు కొట్టాల. అబ్బ, గౌరీ, లోపల ఎర్రెర్రటి నరాలు, మద్దిలో నల్ల సుక్క, అది కొట్టుకుంటన్నాది. తాయారు నా సెయ్యి గట్టిగా పట్టుకున్నాది. "వస్తన్నాది సూడు మా అమ్మ" అన్నాది. ఒకటి మాత్రం వట్టిది, తీసీసినాది. పది మిగిలినాయి. ఆ వేళ నుంచి ఇంట్లో నడక కూడా మెల్లిగా నడవమనీది నన్ను.

పదిహేడో రోజుకి పట్టుకున్నాయమ్మా ఉరుములు. తొలకరి ముందు ఉరుములు, కొండ మీద పడి సముద్రం దాకా దొర్లీవి. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయని మనోల నమ్మకం. అందుకని గంపలో ఇనప ముక్కా, బొగ్గూ, ఎండు మిరపకాయా ఎడతారు. తాయారూ ఎట్టింది, గోడ నుంచి పీకిన చిన్న మేకు. ఎట్టింది గానీ మనసు కుదురు లేదు, ఇంత ఉరుముని ఈ మేకు ఆపుతాదంటావా అని నన్ను పది సార్లు అడిగింది. నాను ఇనుము మద్దిలో బతికీవోడిని కదా, మగోడిని కదా, ఊరుకుంటానేటి. మర్నాడు వర్క్‌షాపు నుంచి ఒక బోల్టు తెచ్చినాను. క్రేను బోల్టు, నా బొటనేలుకి రెండింతలు, కొత్తది, గ్రీజు డబ్బాలోంచి తీసింది. వేస్టు గుడ్డతో తుడిసినాను, తుడవలేదని కాదు. తాయారు కుళాయికెల్లినప్పుడు, కోడి పొడుస్తన్నా ఓర్సుకుని, రెండు సేతుల్తో గుడ్లు జరిపి, మద్దిలో బోల్టు దిగేసి, మళ్ళీ వాటిని దాని సుట్టూ సర్దినాను. దానికి సెప్పలేదు. పిల్లలు దిగినాక సెప్పి మెప్పు కొట్టీదామని. ఆ వేళ నుంచీ ఉరుముతుంటే నాకు దైర్యంగా ఉండీది, నా బోల్టున్నాది కదాని.

ఆకరి రోజుల్లో గుడ్లు కదపకూడదు. తాయారు గంపలో సెయ్యెట్టలేదు, వంగి సూసీదంతే. కోడి కాస్త లేసినప్పుడు గుడ్లు నిగనిగలాడతన్నాయని మురిసిపోయింది. పొదిగిన గుడ్డు నున్నగా మెరుస్తాది మరి, మామూలే. షరీఫున్నీసాని పిలిసి సూపించింది. ఇరవయ్యొకటో రోజు పొద్దున్న ఒక గుడ్డు పగిలింది. అది గంప వార, కోడి ముక్కుకి జడిసి నాను జరపకుండా ఒదిలేసిన గుడ్డు. బూడిద రంగు పిల్ల. తాయారు దాన్ని బుగ్గకానించుకుని ఏడిసింది. తతిమ్మావి కూడా వస్తాయని ఆ రోజంతా సూసినాం. మర్నాడు సూసినాం. మూడో నాడు గోరెచ్చని నీళ్ళలో ఏసింది, బతికుంటే గుడ్డు నీళ్ళలో కదుల్తాది. ఒక్కటీ కదల్లేదు. పెరట్లో మూల కూకుని తొమ్మిదీ పగలగొట్టి సూసింది. పిల్లలమ్మా. ఈకలతో, ముక్కులతో, అన్నీ అయిపోయి, ఒక్క బయటికి రావడమే తక్కువ. అప్పాయమ్మొచ్చి నాను ముందే సెప్పలేదా అన్నాది. తాయారు ఆవిడతో తగువేసుకోలేదు. నా ఏపు సూసి, "మా అమ్మకి నా ఇంటికి రావాలని లేదు. బతికుండగా రాలేదు, సచ్చాకా రాలేదు" అన్నాది.

గంప కడగడానికి నాను తీసినాను. బోల్టు జేబులో ఏసుకున్నాను. అప్పటికి నాకేటీ తెల్దు, ఇనుము కూడా కాపాడలేకపోయింది కదా అనుకున్నానంతే. వర్క్‌షాపులో మళ్ళీ డబ్బాలో పడీసినాను, ఏ క్రేనుకి బిగించారో. ఆ ఒక్క పిల్లా పుంజయింది. ఒకటే కదా, పాలెలగ పంచుకుంటాం. షరీఫున్నీసా "సగం పిల్లని ఎలా కోసుకుంటాం తాయారూ, నీ దగ్గరే పెరగనీ" అన్నాది. మీ మామ్మ దానికి సూర్యం అని పేరెట్టింది. అది షరీఫున్నీసా పెట్టలతో తిరిగి, ఆ ఏడాదికే ఆలింట్లో మెడకాడ పసుప్పచ్చ పిల్లలు దిగినాయి. మా అత్త కోళ్ళే, అచ్చు గుద్దినట్టు. ఆవిడ ఒక పెట్టపిల్లని కొంగులో ఏసుకు తెచ్చి ఇచ్చింది. తాయారు తీసుకోలేదు. నా సేతిలో అది బతకదు, నీ కాడే ఉంచమన్నాది. గోడ మీంచి సూసీది రోజూ. మళ్ళీ గంప ముట్టుకోలేదు. వీదిలో ఎవులైనా గుడ్లు పొదగెయ్యడానికి పిలిస్తే, నాది మంచి సెయ్యి కాదండీ అనీది. అంతకుముందు దాని సెయ్యే మంచి సెయ్యని పిలిసీవోలు.

ఎనబై ఆరులో గావాల, ఎల్లారావు గేదికి మందు కోసం ఆనందపురం పశువులాసుపత్రికెల్లినాను. అక్కడ కంపౌండరు ఎవులికో కోళ్ళ పెంపకం సెప్తన్నాడు. గుడ్డు పెంకు ఊపిరి తీస్తాదండీ, సన్నటి బెజ్జాలుంటాయి, సమురు తగిలితే మూసుకుపోయి లోపల పిల్ల ఊపిరాడక సచ్చిపోతాది, అందుకే నూనె సేతుల్తో ముట్టుకోకూడదు అన్నాడు. నాను మందు సీసా కింద ఎట్టీసి, గ్రీజైనా అంతేనా బాబూ అని అడిగితే, అంతే అన్నాడు. తిరిగొచ్చీ బస్సులో అంతా అనుకున్నాను, ఇంటికెల్లగానే సెప్పీయాల. సెప్పలేదు. ఏటవుతాదమ్మా సెప్తే, తిడతాది, ఒక నాలుగు రోజులు మాటాడదు. ఆ నాలుగు రోజులకి బయపడిపోయినాను. పండగెల్లాక సెప్తాను, పిల్లడి, అదే మీ నాన్న, పరిచ్చలయ్యాక సెప్తాను, అలగ రెండేళ్ళు. ఎనబై ఎనిమిదిలో దానికి కామెర్లు. ఆకరి వారం పక్కన కూకుంటే, అడిగింది, "అక్కడైనా మా అమ్మ నన్ను రానిస్తాదంటావా?" అని. రానిస్తాదే, ఎందుకు రానివ్వదు అన్నాను. అంతే అన్నాను. బోల్టు మాట నోటి దాకా వచ్చింది గౌరీ. ఇంత దాకా వచ్చింది.

...

ఏటీ. ఏటీ లేదు. టైమెంతయింది, పెట్టిలో గుడ్లు తిప్పాలన్నావు కదా. ఎల్లు, కడుక్కుని రా. సబ్బుతోనే, గోళ్ళ సందులు కూడా. ఆఁ, ఇలగ తే, వాసన సూడనీ. మళ్ళీ కడుగు.