సూర్యారావుగారి మలేరియా బిళ్ళలు

మలేరియా సూర్యారావుగారు రిటైరై ఆరేళ్ళైనా భుజాన్నుంచి ఖాకీ సంచీ దించలేదు. ఇంటింటికీ తిరిగి నెత్తురు చుక్క తీసి మలేరియా బిళ్ళలిచ్చిన ఉద్యోగం ఆయనది. ఆయన చెప్పేవాటిలో నిజం ఆ సంచీ ఒక్కటే.

స్వైన్ ఫ్లూ భయం ఊళ్ళన్నీ చుట్టిన ఏడాది, కొత్తపేట రోడ్డు మీద నాగమణి టీ కొట్టు దగ్గర ఆయనకి వీర్రాజు దొరికేడు. ఐదు రోజులుగా జ్వరం, ఆయాసంతో ఉన్న తల్లి వీరాయమ్మని అమలాపురం ఆసుపత్రికి తీసికెళ్తూ, కాసిని వేడి పాలు పట్టిద్దామని ఆటో ఆపేడంతే.

"ఆసుపత్రెందుకురా?" అన్నారాయన, ఆ మాటని ఉమ్మేస్తున్నట్టు. "కోటు తొడుక్కున్న కుర్రాళ్ళకి వైరసంటే ఏం తెలుసు? తొంభై ఎనిమిదిలో ఈ కాలవగట్టు మీద ఇరవై ఇళ్ళవాళ్ళు దగ్గుతూ పడుంటే, కొత్త మందు కోసం ఎవడేడుస్తాడు, ఉన్న మందుకే కొత్త పని చెబుదామని మలేరియా బిళ్ళలిచ్చేను. మూడోనాటికి దగ్గు లేదు."

"మలేరియా బిళ్ళ దగ్గుకాండీ?" అన్నాడు వీర్రాజు.

"మలేరియానే మట్టి కరిపించిన బిళ్ళకి దగ్గొక లెక్కా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? రావులపాలెంలో అరటిగెలల లారీ డ్రైవర్లకి తలా రెండిచ్చేను. వాళ్ళు కలకత్తాదాకా దగ్గలేదు సరికదా, వాళ్ళు ఆగిన ఊళ్ళలో కూడా దగ్గు ఆగిపోయింది."

"గెలలకి కూడా వేసేరాండీ?" అంది నాగమణి, గ్లాసులు కడుగుతూ.

"వేస్తే ఆర్నెల్లు మగ్గలేదు. నవ్వకు. రెండు వేల మూడులో చైనాలో సార్సొచ్చినప్పుడు అక్కణ్ణించి ఇద్దరు పెద్ద డాక్టర్లొచ్చి ఐనవిల్లి దారిలో నా సైకిలుకి అడ్డంగా పడుకున్నారు. ఒక్క బిళ్ళిచ్చి, పొడి చేసి సముద్రంలో కలపండన్నాను. ఆ వైరసు ఇటు రాబోయి, గోదావరి బ్రిడ్జి దాకా వచ్చి, నా సంచీ చూసి వెనక్కి పోయింది. కోనసీమలో ఎవడికైనా సార్సొచ్చిందా? ఇంకేం రుజువు కావాలి?"

చెబుతూనే నాలుగు బిళ్ళలు వీర్రాజు అరచేతిలో పెట్టేరు. "ఆటో తిప్పెయ్. మూడ్రోజులు చూడు."

వీర్రాజు బిళ్ళల వైపు చూసేడు, ఆటో వైపు చూసేడు. లోపల వీరాయమ్మ పాలగ్లాసు సగంలో ఆపి ఊపిరి తీసుకుంటోంది.

నాగమణి చేతిలో గ్లాసు కింద పెట్టింది. "ఆ ఇరవై ఇళ్ళలో మాదొకటండీ బాబాయిగారూ. మీ బిళ్ళలు ఎవరూ మింగలేదు."

"మర్నాడొచ్చి వేసుకున్నారా అని అడిగితే అందరూ ఆయ్ అన్నారు కదే?"

"పెద్దవారు గుమ్మంలోకొచ్చి అడిగితే కాదంటే బాగుంటుందాండీ? విషంలాంటి చేదు. మీరు సైకిలెక్కడం, మేం కాలవలో పారెయ్యడం. వారానికి దగ్గు దానంతటదే పోయింది. మింగింది మా నాయనమ్మొక్కతే. మూడ్రోజులు చూడమన్నారు, చూసేం. నాలుగో రోజున ఊపిరాడక కాకినాడ తీసికెళ్తే పదిహేను రోజులు మంచం మీదుంది. ముందే తేవలసిందని మమ్మల్ని తిట్టేరక్కడ."

సూర్యారావుగారు టీలోకి చూసుకుని, "ఆవిడ పరగడుపున వేసుకునుంటుంది," అన్నారు.

వీర్రాజు బిళ్ళలు జేబులో వేసుకుని ఆటో ఎక్కేడు.

"వేస్తావు కదరా?" అన్నారాయన.

"ఆయ్, తప్పకుండానండీ," అన్నాడు వీర్రాజు, ఎంతో మర్యాదగా.

ఆటో అమలాపురం వైపే కదిలింది. కాలవ వంతెన మీద కాస్త నెమ్మదించింది. వీర్రాజు చెయ్యి ఒకటి బయటికొచ్చి, లోపలికి పోయింది.