కోతికి చావు నేర్పినవాడు

చనిపోయిన తండ్రి పనిచేసిన షెడ్డు. ఆయన పాత సినిమా కోతిబొమ్మ కోసం మ్యూజియం వాళ్లు వస్తున్నారు. అక్క, తమ్ముడు.

“…దీన్ని చూసా అక్కా జనం జడుసుకుంది? మూరెడు లేదు.”

“తెరమీద మేడంత కనిపించేదిరా. కాళ్లు పట్టుకో, దుమ్ము తుడవాలి.”

“నేను ముట్టుకోను. రబ్బరు కుళ్లి కంపు కొడుతోంది. బొచ్చు చూడు, చిమ్మెటలు తినగా మిగిలింది.”

“గంటలో వాళ్లొచ్చేస్తారు.”

“రానీ. అద్దాలపెట్టెలో పెట్టుకుని మురిసిపొమ్మను. మొన్న ఆ సినిమా మళ్లీ చూశాను. నలుపూ తెలుపూ, మధ్యలో వాన పడ్డట్టు గీతలు. కోతి నడుస్తుంటే ఒంటినిండా పురుగులు పాకినట్టు బొచ్చు కదులుతోంది. నా మనవడు పడీపడీ నవ్వాడు.”

“సెకనుకి ఇరవై నాలుగు సార్లు చేత్తో కదపాలి, ఇరవై నాలుగు ఫొటోలు తియ్యాలి. వేళ్లు తగిలితే బొచ్చు చెదరదూ?”

“మహా ఘనకార్యం. పిల్లల తండ్రి రెండేళ్లు కోతిబొమ్మతో ఆడుకున్నాడు.”

“ఆ బొమ్మే మనకి అన్నం పెట్టింది.”

“పెడితే? నాకు ఐదేళ్లప్పుడు మెదడువాపు జ్వరం. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఒళ్లు తెలీకుండా పడున్నాను. కన్నకొడుకు చావుబతుకుల్లో ఉంటే, ఈయనగారు ఇక్కడ కూర్చుని కోతికి చావు నేర్పుతున్నాడు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“అమ్మే. మీ నాన్నకి పని, రాలేకపోయారు అని. ఆయన పోయినరోజు కూడా నాకదే గుర్తొచ్చింది. కంట చుక్క రాలేదు.”

“ఆ సీను ఎలా ఉంది?”

“ఏ సీను?”

“కోతి చచ్చిపోయేది. మొన్న చూశానన్నావుగా.”

“…బావుంది. అదొక్కటే. ఒళ్లు తడుముకుని, వేళ్లకంటిన నెత్తురు చూసుకుని… మనవడు కూడా నవ్వడం ఆపేశాడు. అయితే ఏంటి? దానికి పతకం ఇచ్చారుగా, సరిపోయింది.”

“తీసుకోడానికి నాన్న వెళ్లలేదు.”

“పొగరు.”

“సిగ్గురా. పని మధ్యలో షెడ్డు వదిలితే ఉద్యోగం ఊడుతుందని సినిమా కంపెనీవాళ్లు ముందే చెప్పారు. గడువు నెత్తిమీదుంది. అందుకని లోపల గడియ పెట్టి, ఎవరడిగినా నాన్న పనిలో ఉన్నారనే చెప్పాం. నాకు పదకొండేళ్లు. దీపాలు పట్టుకుంది నేనే. నువ్వు చిన్నవాడివి, బయట వాగేస్తావని నీకూ ఆ అబద్ధమే చెప్పారు. తర్వాత పతకం వచ్చి పడింది. ఇక నోరు విప్పే దారేది?”

“ఏ అబద్ధం? ఏమంటున్నావు నువ్వు?”

“ఆ ఇరవై రోజులూ కోతిని కదిపింది అమ్మ. నీ మంచం పక్కనుంచి లేవనిది నాన్న.”