గాలి లేని ఊళ్ళో

అద్దెకున్న పైవాటా. ఆయన ముందుగదిలో కిటికీ దగ్గర, ఆవిడ వంటింటి గుమ్మంలో. కిందవాటాలో ఉండే ఓనరమ్మ ఏ క్షణంలోనైనా మెట్లెక్కి వచ్చి వీళ్ళని ఉంచాలో పంపాలో తేల్చేస్తుంది.

"మళ్ళీ అరుస్తున్నారు."

"నేనెక్కడ అరిచానే? టీ పెట్టమన్నాను."

"మీరు టీ పెట్టమంటే పక్కవీధిలో కూడా పొయ్యి వెలిగించుంటారు. మెల్లగా అనండి."

"మెల్లగానే అన్నాను."

"అది మన ఊరి కొండమీది మెల్లగా. ఇక్కడి మెల్లగా వేరు. కింద ఓనరమ్మ ఎలా మాట్లాడుతుందో చూశారుగా? పెదాలు కదిలీ కదలనట్టు."

"అదేం మాటే, మంత్రం చదివినట్టు! ఆవిడ ఏమంటుందో దేవుడికే తెలియాలి. నేను తలూపుతా, అంతే."

"అలా తలూపే మొన్న అద్దె పెంచడానికి ఒప్పుకున్నారు."

"పెద్దావిడ కదా. కాదంటే బాగుండదు."

"సరే, గాలి సంగతైనా ఆవిడకి అర్థమయ్యేలా చెప్పారా?"

"చెప్పకేం? అమ్మగారూ, మా కొండమీద గాలి పగలూ రాత్రీ కొడుతూనే ఉంటుంది, పక్కనున్న మనిషితో కూడా అరిచే మాట్లాడాలి, అది పోట్లాట కాదు, తాతల నాటి అలవాటు అన్నాను."

"ఏమంది?"

"తలూపింది."

"మీరంత గట్టిగా చెప్తే ఎవరైనా ఊపుతారు, ప్రాణభయం. తర్వాత నాతో అంది, అలవాటైతే వారంలో తగ్గాలమ్మా, తగ్గలేదంటే అది పోట్లాటే, మా ఇంట్లో పోట్లాటలు కుదరవు అని. ఇవాళ్టితో వారం అయింది. ఈ ఊళ్ళో మనం దిగిన మొదటి ఇంటివాళ్ళూ ఇదే మాట. రెండో ఇంటాయన ఏకంగా పోలీసుల్ని పిలిచాడు."

"ఆ రోజు అంత కేక పెట్టింది నువ్వేగా?"

"సబ్బు ఎక్కడ పెట్టారని అడిగాను."

"పాపం ఆ పోలీసాయన, సబ్బు దొరికేదాకా కూర్చున్నాడు."

"నవ్వకండి. ఈ ఇల్లు పోతే ఇంకోటి రాదు. బ్రోకర్ మన నంబరు చూస్తే ఫోనెత్తట్లేదు. నాకీ ఇల్లు కావాలండీ. ఇక్కడ ఆరేసిన చీర ఆరేసిన చోటే ఉంటుంది. అక్కడ నా పెళ్ళిచీర ఎగిరిపోయి లోయలో ఎవరింట్లోనో కర్టెన్ అయ్యుంటుంది ఈపాటికి. ఇక్కడ తలుపుకి తాడు కట్టక్కర్లేదు. పప్పు చెరగడానికి నలుగురు అడ్డం కూర్చోనక్కర్లేదు. జుట్టు విరబోసుకుని మేడమీద నిలబడొచ్చు."

"నిలబడు, ఎవరొద్దన్నారు? నాకే ఈ ఊళ్ళో ఒళ్ళు కుదురుగా ఉండట్లేదు. నడుస్తుంటే ముందుకి వాలిపోతున్నా, ఆపడానికి ఎదురుగాలి లేదు. మొన్న రోడ్డుకి అవతల మా గుమాస్తా కనిపిస్తే మనూళ్ళోలాగే రెండు చేతులూ ఎత్తి ఊపాను. బస్సాగింది."

"ఎక్కలేదు కదా?"

"డ్రైవర్ అంత మర్యాదగా ఆపితే ఎక్కకుండా ఎలా ఉంటానే?"

"ఖర్మ. ఆఫీసులోనైనా గొంతు తగ్గిస్తున్నారా?"

"ఎందుకు తగ్గించాలి? గాలిమరల కింద మెకానిక్కుని తెచ్చి హెడ్డాఫీసులో ఆఫీసర్ని చేశారంటే ఈ గొంతు చూసే. గుడ్ మార్నింగ్ అంటే చాలు, ఇద్దరు లేచి నిలబడతారు. ఒకతనైతే సెలవు చీటీ వెనక్కి తీసేసుకున్నాడు."

"ఓనరమ్మ తమ్ముడు మీ సెక్షనేగా? అన్నీ అక్కకి మోస్తున్నాడు. ఫైళ్ళమీద రాళ్ళు పెడుతున్నారట."

"ఎగిరిపోకుండా."

"తలుపులు మూసిన గదిలోంచి ఎటెగురుతాయండీ?"

"చెప్పలేం."

"ఫోను మోగినా ఎత్తరట."

"ఆఫీసర్లు ఎత్తరు. హోదా."

"ఇంట్లో ఉన్నా ఎత్తరు."

"ఇంటికొస్తే హోదా దిగిపోతుందా? ఆ... ఆవిడ వచ్చేస్తోందా? చూడు."

"రాలేదు, ఇంకా రాలేదు. లేచి తిరక్కండి, కూర్చోండి. ఆవిడొచ్చేలోపు ప్రాక్టీసు చేద్దాం. నేను వంటింట్లోంచి మెల్లగా ఏదో ఒకటి అంటాను. మీరు ఇక్కణ్ణుంచే మెల్లగా జవాబు చెప్పండి."

"ఎందుకే ఈ నాటకాలు? ఇక్కడే, ఇలా ఎదురుగా కూర్చుని మాట్లాడు."

"ఎదురుగా కూర్చుని ఎవరైనా మాట్లాడతారు. సంసారమంతా ఆ గదికీ ఈ గదికీ మధ్యే జరుగుతుంది."

"వద్దులే. టీ పెట్టు."

"పెడతా. వెళ్తున్నా. కిటికీలోంచి చూస్తూ ఉండండి, ఆవిడొస్తే తెలుస్తుంది. ఊఁ, మొదలు... ఏవండీ, చక్కెర ఎంత వెయ్యను?"

"అలాగే."

"అలాగే ఏంటి? ఎంత?"

"నీ ఇష్టం, నీ ఇష్టం."

"ఏవండీ, పాలు విరిగిపోయాయి."

"సరే, సరే."

"ఏవండీ, పొయ్యిమీద పిల్లి కూర్చుంది."

"సాయంత్రం చూద్దాంలే."

"ఏవండీ... నేను పుట్టింటికి వెళ్ళిపోతున్నా. మళ్ళీ రాను."

"మంచిది, మంచిది. టీ అయిందా?"

"ఉండండి, అక్కడికే వస్తున్నా."

"ఏమే, అయిందా?... ఓ, వచ్చేశావా. టీ ఏది?"

"ఇటు తిరగండి. ఇందాక నేనేమన్నాను?"

"అదే... ఇంటి సంగతి."

"పుట్టింటికి వెళ్తున్నానన్నాను."

"దానికేముంది, నాలుగు రోజులుండి రా."

"మళ్ళీ రానన్నాను. మీరు మంచిదన్నారు."

"సరదాకి అన్నాను."

"మీకు వినపడట్లేదు."

"ఏం వినపడట్లేదు? అన్నీ వినపడుతున్నాయి! నువ్వే గొణుగుతున్నావ్!"

"ఎప్పట్నుంచి?"

"టీ పొంగిపోతుందేమో చూడు."

"ఎప్పట్నుంచండీ!"

"అరవకే, అరవకు, కింద ఆవిడ... నాకేం తెలుసు ఎప్పట్నుంచో? అంత గాలిలో ఎవడికి తెలుస్తుంది? రోజంతా ఆ మరల కిందే, చెవుల్లో ఆ హోరే. అక్కడ అందరూ అరుస్తారు. అందరూ మొహంలోకి చూసి మాట్లాడతారు. సగం మాటలు చేతుల్తోనే. అక్కడ నాకేం తక్కువైందని? అందరిలాగే ఉన్నాను. ఇక్కడ బండి దిగాకే చెవిటివాణ్ణయ్యాను."

"డాక్టర్‌కి చూపించుకోవాలి కదా!"

"చూపించుకున్నా. చెవికి మెషిన్ పెట్టుకోమన్నాడు."

"మరి?"

"మరేంటి మరి? పెట్టుకుంటే కనపడదా? ఓనరమ్మ తమ్ముడు ఉదయం చూస్తే మధ్యాహ్నానికల్లా నాకో పేరు తగిలిస్తాడు. ఇవాళ భయపడి లేచినవాళ్ళే రేపు నా వెనకాల నిలబడి తిడతారు, నేను తిరిగి నవ్వాలి. పైగా ఈ పోస్టు ఇంకా పర్మనెంట్ కాలేదు. ఫోనెత్తలేని ఆఫీసర్‌ని ఎవరుంచుకుంటారు? మళ్ళీ కొండెక్కిస్తారు. ఎవ్వరికీ చెప్పకు. కింద అసలు చెప్పకు. ఒట్టెయ్యి."

"నాకు కూడా చెప్పలేదు మీరు."

"నీకెలా చెప్పను? అలాంటిది మెల్లగా చెప్పాలి కదా. నాకు మెల్లగా చెప్పడం రాదు."

"... మెట్లమీద చెప్పుల చప్పుడు. ఆవిడే."

"ఏంటీ?"

"ఓనరమ్మ! వస్తోంది!"

"అయితే అరవకే!"

"మీరు కిటికీ దగ్గరే ఉండండి! నేను మాట్లాడతా!... రండి పిన్నిగారూ, రండి."

"ఏమ్మా, ఇప్పుడు అరిచింది మీరేనా?"

"మేమేనండీ."

"అమ్మగారూ, నమస్కారం! కూర్చోండి! టీ తాగుతారా?"

"అబ్బ... వద్దు నాయనా, వద్దు. చూడమ్మాయ్, వారం ఓపిక పట్టాను. గాలి అన్నారు, ఊళ్ళో అలవాటన్నారు, సరేలే పాపం అనుకున్నాను. అలవాటైతే ఈపాటికి కాస్తయినా తగ్గాలి. ఇవాళ ఇంకా పెరిగింది. నిజం చెప్పు. ఇది అలవాటేనా, పోట్లాటా, లేకపోతే ఇంకేదైనా ఉందా?"

"ఇంకేముంటుందండీ?"

"ఏమో. మా తమ్ముడు కూడా అంటున్నాడు, వెనకనుంచి పిలిస్తే పలకరు, అడిగింది ఒకటైతే చెప్పేది ఇంకోటి అని. మీ ఆయనకి ఏమైనా చెవి..."

"పోట్లాటే."

"ఏంటీ?"

"పోట్లాటేనండీ. గాలీ లేదు, ఏమీ లేదు. అంతా నా నోరు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈయన్ని కాల్చుకు తింటున్నాను. పలికితే ఎందుకు పలికారంటాను, పలక్కపోతే ఎందుకు పలకలేదంటాను. ఆ దెబ్బకి ఈయన ఎవరు పిలిచినా పలకడమే మానేశారు."

"అయ్యో రామ! నేనింకా ఆయనే నిన్ను..."

"ఆయనా? ఆయన నోట్లో నాలుక లేని మనిషి పిన్నిగారూ."

"మరి ఆ కేకలు?"

"నా కేకల మధ్య ఆయన బతకాలి కదండీ."

"ఎంత నెమ్మదిగా ఉంటావు నాతో! ఎప్పుడూ అనుకోలేదమ్మా."

"బయటివాళ్ళ ముందు అలాగే ఉంటాను. గయ్యాళి లక్షణం."

"చూడు, కోపం తెచ్చుకోకు. అలవాటైతే ఇంకో నెల చూద్దామనుకున్నాను. పోట్లాటంటే మాత్రం ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాల్సిందే."

"అలాగేనండీ."

"ఇల్లంటే నీకు ఇష్టమని తెలుసు. మేడమీద నిలబడేదానివి..."

"పర్లేదండీ. ఒక్క సాయం చెయ్యండి. మీ తమ్ముడికి చెప్పండి, ఆయన తప్పేం లేదు, పెళ్ళాం మంచిది కాదని. ఆఫీసులో నలుగురికీ తెలిసినా నాకేం కాదు."

"చెప్తాలే. చెప్పకుండా ఉంటే వాడు ఊరుకోడు కూడా. అది సరే గానీ, నువ్విన్ని మాటలంటుంటే ఆయన అక్కడ నిలబడి నవ్వుతారేంటమ్మా?"

"అమ్మగారూ! విన్నారా? ఎంత మెల్లగా మాట్లాడుతోందో! ఇంక మేం ఇక్కణ్ణుంచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కదండీ?"