అందరికీ ఒకే పుట్టినరోజు

2006 జూన్ రెండో తారీఖు మధ్యాహ్నం. పట్నం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన గడప ఎక్కగానే, ఫ్యాక్టరీల నడుమ ఇస్నాపూర్‌లో కిరాణా దుకాణం నడిపే ఆవిడకు నవ్వాగలేదు.

"సారూ, నా కంప్యూటర్ల నువ్వు పెట్టిన రెడీమేడ్ ప్యాకేజీ నిన్న ఒక్కనాడే డెబ్బైమంది గిరాకులకు పుట్టినరోజు మెసేజీ పంపింది."

"అందరూ ఒకే రోజు పుట్టారా అమ్మా?"

"పుట్టింది ఎవలకెరుక? బడిల పంతులు జూన్ ఒకటని రాసిండు. వాళ్లు గదే చెప్పిన్రు, నేను గదే ఎక్కించిన. పొద్దుగాల్నుంచి ఒక్కొక్కడొచ్చి కేకేదని అడుగుతుండు."

"పెద్ద షాపులన్నీ ఆ ప్యాకేజీయే వాడుతున్నాయండీ."

"వాడనీ. వచ్చే నెల ఎదురుంగ తెరిచే పెద్ద దుకాణపోళ్లు గూడ గదే కొంటరు. ఇద్దరం ఒక్కతీరుగ పలకరిస్తే నా గిరాకి నా దగ్గరెందుకు ఆగుతది? నా దుకాణానికి సరిపోయేది వేరే చేసియ్యి."

"దానికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా వాళ్లు తెరిచేస్తారమ్మా."

"తెరవనీ. అందాక పలకరించనీకి నా నోరున్నది."

"సరే, పుట్టినరోజు తీసేసి ఏం అడగమంటారు?"

"ఏ షిఫ్టు, ఏ రాష్ట్రం, రూముల ఒండుకునేది అన్నమా రొట్టెనా. నైట్ డ్యూటీ దిగి పండుకున్నోనికి పగటిపూట మెసేజీ పంపితే తిడ్తడు. బీహారోనికి తెలుగుల పంపితే ఏం సదువుతడు?"

"ఇవన్నీ కాగితం మీద రాసిస్తే రేపే మొదలుపెడతానండీ."

"కాగితమెందుకు సారూ? ఫస్టు షిఫ్టు వదిలే యాళ్లయింది. గల్లా పక్కకు స్టూలేసుకొని కూసో. వచ్చేటోళ్లను సూస్కుంట నువ్వే రాస్కో."